కుంకుడుకాయలతో కడిగిన ఈకలు

చిన్నప్పటి ధైర్యం పెద్దయ్యాక ఎటు పోతుందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ఘనపూర్‌లో తొమ్మిదో తరగతి చదివే ఆ రోజుల్లో, పక్షి ఈకల గురించి నాకు తెలిసినంత ఎవరికీ తెలియదని నా గట్టి నమ్మకం. మండల సైన్స్ ప్రదర్శనలో ఫస్ట్ వస్తే భూపాలపల్లికి, జిల్లా పోటీకి పంపుతారు. మా ఇంట్లో అప్పటిదాకా ఎవరూ దేనిలోనూ ఫస్ట్ వచ్చింది లేదు కాబట్టి, నేను వెళ్లి తీరాలి. పెరట్లో మా కోళ్ల వెనకే తిరిగి రాలిన ఈకలన్నీ ఏరాను. ఎగరడానికి పనికొచ్చే గట్టి రెక్క ఈకలు (కోడి ఏపాటి ఎగురుతుందని అడక్కండి), అటూ ఇటూ తిరిగేందుకు తోక ఈకలు, వాన నీళ్లు లోపలికి దిగకుండా ఒంటిని కప్పే ఈకలు, వాటి కింద చలి కాచే మెత్తటి నూగు. అన్నీ ఒక సంచిలో దాచుకున్నాను.

ప్రదర్శన ముందురోజు బడి నుంచి వచ్చేసరికి ఆ ఈకలన్నీ చాటలో తళతళా మెరుస్తూ ఆరుతున్నాయి. "పెద్ద సార్ల ముంగటికి గంత మురికియి ఎట్ల కొంచవోతవ్ బిడ్డా? కుంకుడుకాయలతోని మంచిగ కడిగిన" అంది మా అవ్వ. మహాపండితురాలినైన నేను కూడా ముచ్చటపడి, వాటిని అట్టకు అంటించి, కొన్ని విడిగా పెట్టుకున్నాను.

మర్నాడు నిర్ణేత సారు నా బల్ల దగ్గర ఆగారు. ఒంటి ఈకలు తడవవని గడగడా చెప్పి, ఒక ఈక మీద నీళ్లు పోశాను. చుక్కలు జారిపోవాల్సింది పోయి, ఈక నీళ్లన్నీ తాగి ముద్దయిపోయింది. "ఏందమ్మా, మీ కోళ్లు గిట్లనే తడుస్తయా?" అన్నారాయన. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. భూపాలపల్లి బస్సు నన్ను వదిలేసి పోతున్నట్టే అనిపించింది.

అప్పుడు కుంకుడుకాయలు గుర్తొచ్చాయి. "మా అవ్వ వీటికి తలస్నానం పోసింది సార్. నూనె పోయింది. కోడికి తోక మొదట్ల నూనె బుడిప ఉంటది, ముక్కుతోని తీసి ఈకలకు రాసుకుంటది. చూడుండ్రి" అంటూ ఇంకో ఈక తీసి, చెవుల దాకా కొబ్బరినూనె కారుతున్న నా జడకేసి బాగా రుద్ది, మళ్లీ నీళ్లు పోశాను. చుక్కలు గుండ్రంగా నిలబడి, టపటపా జారిపోయాయి. సారు నవ్వలేదు. ఆ ఈక నా చేతిలోంచి తీసుకుని తనే ఇంకోసారి పోసి చూశారు.

ఫస్ట్ నాకే వచ్చింది. పరుగున ఇంటికొచ్చి, ఈకలు కడిగి ఎంత పరేషాన్ చేసిందో అవ్వకు చెప్పాను. "నేను కడగకపోతే నీకు ఫస్ట్ వస్తుండెనా మరి?" అంది. ఆ ముక్కే కేసముద్రంలో ఉన్న చుట్టాల దాకా చెప్పుకుంది.

ఇప్పుడు మహబూబాబాద్‌లో ఉద్యోగం. పై అధికారి చిన్న ప్రశ్న అడిగితే "రేపు చూసి చెప్తా సార్" అంటాను. ఆ నూనె తల పిల్ల చూస్తే నన్ను చూసి నవ్వుతుందేమో. నవ్వనీ, ఆ పిల్ల నేనేనని చెప్పుకోవడం నాకు ఇప్పటికీ గర్వమే.