నోట్లో బావి ఉన్న బొమ్మ

"దించీ గుంటా, ముందు దాన్ని దించీ" అని సంఘం అధ్యక్షులవారు కింద నుంచి అంటున్నారు. నేను స్టూలు మీద ఉన్నాను, నోట్లో రెండు మేకులు. నోట్లో మేకులుంటే పెద్దలకు బదులు చెప్పనక్కర్లేదు. ఆ ఉద్యోగంలో నాకున్న సుఖం అదొక్కటే.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో, చోడవరంలో ఒక సంఘం వాళ్లు కొత్తగా కట్టించిన హాల్లో నేను అటెండరుని, పెళ్లికాని పిల్లని. చదివింది అయిదో తరగతి. ఊడవడం, బెంచీలు వెయ్యడం, సభ ఉంటే దండలు తేవడం నా పని. పెళ్లయి దేవరాపల్లి వచ్చాక మానేశాను గానీ, బొమ్మల ప్రదర్శన అంటే ఏం చేస్తారని ఇక్కడి అమ్మలక్కలు ఇంకా అడుగుతూనే ఉంటారు.

ఆ బొమ్మలు బుచ్చయ్యపేట సూర్నారాయణవి. మద్రాసులో చిత్రలేఖనం నేర్చుకుని, మొదటి ప్రదర్శన మనవాళ్ల మధ్యే పెడతానని వచ్చాడు. గోడలకు నల్లగుడ్డ కట్టించాడు. కిటికీకి ఎదురుగా బొమ్మ పెట్టకూడదట, వార్నిషు మెరిసి ఏమీ కనబడదట. తల లేని కోళ్లు, కాళ్లొచ్చి నడిచిపోయే ఇళ్లు. చూస్తే అన్నం సహించదు. అన్నిటికన్నా పెద్దదానిలో ఒక మనిషి నోరు తెరిచి ఉంటాడు, నోట్లో బావి.

కడుపుతో ఉన్నవాళ్లు చూస్తే ఏమవుతుందని అధ్యక్షులవారి గొడవ. అదొక్కటి దించినా అన్నీ కట్టుకుని సాయంత్రం బస్సెక్కేస్తాను, మళ్లీ కుంచె పట్టను అని సూర్నారాయణ పంతం. నేను మేకులు ఉమ్మేశాను.

"బాబూ, కొత్త హాలు కదా, దిష్టిబొమ్మ కట్టనే లేదు. ఇది గుమ్మం మీద పెడితే సరి" అన్నాను.

అధ్యక్షులవారికి తెగ నచ్చింది. సూర్నారాయణ మొహం మాడిపోయింది. మిగతావి ఉంటాయి కదా అని ఒప్పుకున్నాడు. గుమ్మం పైన ఎత్తుగా బిగించాను. జనం రోడ్డు మీద నుంచే చూసి నవ్వుతున్నారు. ఒక రైతయితే లోపలికొచ్చి మరీ అడిగాడు.

"ఒరే సూర్నారాయణా, మా సెరుకుతోటకి ఇలాటిదొకటి గీసిపెట్టరా. పందులు జడుస్తాయి."

సూర్నారాయణ రంగులు పెట్టెలో సర్దడం మొదలుపెట్టాడు.

సాయంత్రం, మంచుకు తడుస్తుందని బొమ్మ దించి, లోపలికి పట్టుకెళ్లేముందు మెట్ల మీద ఆనించాను. చెరుకు నరికి ఇంటికి పోతున్న ముసలి అప్పలమ్మ దాని ముందు గొంతుక్కూర్చుంది. ఎంతసేపటికీ లేవదు. ఆమె వేలు పెట్టి చూపిస్తే అప్పుడు చూశాను. బావి అడుగున అదే మనిషి, గింజంత ఉన్నాడు, పైకి చూస్తున్నాడు.

"ఇది మనల్ని బయపెట్టట్లేదే గుంటా. ఇదే బయపడతంది" అంది.

సూర్నారాయణ గుమ్మంలోనే నిలబడి విన్నాడు. ఎవర్ని చూసి గీశావు బాబూ అని ఆమె అడిగితే, అద్దంలో నన్ను నేనే చూసుకుని గీశాను అన్నాడు. పెట్టె అలాగే వదిలేసి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

బొమ్మ ఎత్తున ఉంటే దిష్టిబొమ్మ, కంటికెదురుగా ఉంటే మనిషి. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది అంతే.

మర్నాడు పొద్దున్నే దిష్టికి బూడిద గుమ్మడికాయ తెచ్చి గుమ్మానికి కట్టాను. అధ్యక్షులవారు రాకముందే బొమ్మను లోపలికి పట్టుకుపోయి, అప్పలమ్మ కళ్లు ఎక్కడికి వస్తాయో అక్కడికి కొలిచి మేకు కొట్టాను.