నాగులు మామ కారుకు చెవి గుర్తు

నాగులు మామది బేస్తవారిపేట పక్క పల్లె. చిన్నప్పటి నుంచి గొర్రెలు కాసి, తర్వాత పొట్టేళ్ల వ్యాపారంలోకి దిగాడు. అలాంటి మనిషి పోయినేడు హైదరాబాదు పోయి, ఎవరో కుర్రాడు వాడి అమ్మేసిన ఎర్ర టర్బో కారు కొనుక్కొచ్చాడు. కాలు ఆనిస్తే ముందుకు దూకే బండి. ఈ వయసులో ఇదెందుకు మామా అని అడిగితే ఒకటే జవాబు.

"పుట్టినప్పటి నుంచి గొర్రె నడకే నడిచినా అల్లుడా. ఇంక చాలు."

దూకడం బాగానే ఉంది, ఆగడంతోనే తంటా వచ్చింది. నంద్యాల ఘాటు దిగేటప్పుడు మామ బ్రేకు మీద నుంచి కాలు తీయనే లేదు. చక్రాల్లో ఉండే బ్రేకు డిస్కులు మాడిపోయి, స్టీరింగు జల్లెడ ఊపినట్టు ఊగింది. పక్కన కూర్చున్న రంగనాయకమ్మత్త బండి ఆపించి, దిగి, వెనకొచ్చే బస్సెక్కింది. మామ ఒక్కడే ఆ బస్సు వెనకాల నంద్యాల దాకా పోయాడు. ఆ రోజు నుంచి అత్త ఆ కారెక్కలేదు. ఇప్పుడు నంద్యాలలో ఉన్న కూతురు పాపకు చెవులు కుట్టిస్తోంది. దానికీ బస్సులోనే పోతానని అత్త తేల్చేసింది. పెళ్లాం ఎక్కని కారు వాకిట్లో ఎందుకని మామకు దిగులు పట్టుకుంది.

గిద్దలూరులో వెంకటస్వామి షెడ్డుకు తెచ్చాడు. నేను అక్కడ చక్రాలు విప్పి బిగించే పని చేస్తాను. పాత డిస్కులు పనికిరావని వెంకటస్వామి చెప్పి, బండితో వచ్చేవాటికంటే గట్టివి విజయవాడ నుంచి మూడు రకాలు తెప్పించాడు. ఒకటి నున్నటిది. ఒకటి నిండా బెజ్జాలున్నది. ఒకటి వంపు వంపుగా గీతలు కోసినది. వాటిలో ఒకటి ఎంచుకోవాలి.

మామ తువ్వాలు భుజానేసుకుని వచ్చాడు. మనవరాలికి కమ్మలు కొనడానికి అత్త కూడా వెంట వచ్చి, షెడ్డు ముందు స్టూలు మీద కూర్చుంది. మామ డిస్కులను సంతలో పొట్టేళ్లను చూసినట్టే చూశాడు. ఎత్తి బరువు చూశాడు. అంచు తడిమాడు. బెజ్జాల డిస్కు దగ్గర ఆగిపోయాడు.

"ఇది వద్దు సామీ. ఎవుడిదో ఇది."

"కొత్తది నాగులన్నా. ఇప్పుడే అట్టపెట్టె కోసినా గదా."

"బెజ్జం కొట్టినారు గదా. చెవికి బెజ్జమున్న గొర్రెను నేను కొననని నీకు తెలీదా? రేపు ఎవుడో వచ్చి నాది అంటాడు."

మా వైపు ఎవరి గొర్రెకు వాళ్లు చెవిని ఒక్కో తీరుగా కోసి గుర్తు పెట్టుకుంటారు. మామకు ఆ గుర్తులన్నీ కంఠతా వచ్చు. గీతల డిస్కు చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇట్ల వాలుగా కోసేది హనుమంతునిపాడు వాళ్లు. వాళ్లతో నాకు తగువొద్దు."

వెంకటస్వామి నా వైపు చూశాడు. నేను నట్ల డబ్బాలో ముఖం పెట్టేశాను.

"అన్నా, బెజ్జాలది నేనూ వద్దంటా. చూడను సోకుగా ఉంటది గానీ, ఘాటులో కాగితే ఆ బెజ్జాల కాడ పగులు రావొచ్చు. గీతలది ఏసుకో. డిస్కును నొక్కే ప్యాడు మీద పట్టే పొడిని గీకేస్తది."

"నున్నటిది ఏసెయ్. ఏ చెయ్యీ పడనిది."

అప్పటిదాకా కమ్మల పొట్లం చూసుకుంటున్న అత్త తల ఎత్తింది.

"నా చెవులకు బెజ్జాలు లేవా? నేనెవరి గొర్రెను?"

మామ తువ్వాలు ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు.

"గీతలదే బిగించు అల్లుడా," అన్నాడు నాతో.

బిగించాను. అయినా మామకు మనసొప్పలేదు. తనవని గుర్తుకు పొట్టేళ్ల వీపుకు పూసే ఎర్రరంగు డబ్బా డిక్కీలోనే ఉంటుంది. వేలు ముంచి డిస్కు మీద పెట్టబోయాడు. చెయ్యి పట్టుకున్నాను.

"ప్యాడు రాసుకునే చోట కాదు మామా. నడిమధ్యన పెట్టుకో."

ముందు చక్రాల డిస్కులు రెండిటికీ నడిమధ్యన బొట్టు పెట్టి, తృప్తిగా చెయ్యి తుడుచుకున్నాడు.

కొత్త డిస్కుకు ప్యాడు కుదరాలంటే మొదట్లో మెల్లగా, కాస్త కాస్తగా పట్టాలి. కంభం రోడ్డు మీద మామ అట్లాగే పట్టాడు. కొత్త గొర్రెను మందకు అలవాటు చేసేటప్పుడు తొందరపడతామా అన్నాడు. తర్వాత, పాపకు చెవులు కుట్టించే రోజున, ఘాటు. చప్పుడేమైనా వస్తే వినమని వెంకటస్వామి నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టాడు. ఒక్కసారి చూద్దామని అత్త ముందు కూర్చుంది గానీ, తలుపు గొళ్లెం మీద నుంచి చెయ్యి తీయలేదు.

"వణికిందంటే దిగతా. బస్సు వెనకాలే వస్తాంది, చూసినా."

మామ వెంకటస్వామి చెప్పినట్టు చిన్న గేరులో, ఇంజనుతోనే బండిని పట్టుకుంటూ దిగాడు. టర్బో కారు గొర్రె నడక నడిచింది. గాజులపల్లె వైపు చివరి మలుపు తిరగ్గానే రోడ్డుకు అడ్డంగా మంద. మామ గట్టిగా తొక్కాడు. స్టీరింగు కదల్లేదు. బండి తిన్నగా ఆగింది. ముందున్న పొట్టేలు బంపరు వాసన చూసింది.

అత్త తలుపు తీసి దిగింది.

మామ ముఖం వాడిపోయింది. "వణకలేదు గదంటే," అన్నాడు, ఆమెకు వినపడనంత చిన్నగా. వెనక బస్సు వచ్చి ఆగి హారను కొట్టింది.

అత్త బస్సు వైపు చూడలేదు. మందలోకి పోయి ఒక గొర్రె చెవి పట్టి చూసింది. ఇంకోదాని చెవి చూసింది. వెనక్కి వచ్చి కూర్చుని తలుపేసుకుంది.

"మనయ్యి కాదులే. పోనీ."