ఎనభై ఒక్క ఏళ్ల దరఖాస్తుదారు

కరీంనగర్‌లో మా ఇంటి వెనక దిక్కున గ్రానైట్ రాయి తీస్తున్నారు. మధ్యాహ్నం పూట ముందు ఒక ఈల వినిపిస్తుంది. ఆ వెంటనే నేల అదిరి, వంటింట్లో గిన్నెల మూతలు గలగలమంటాయి. కాసేపటికి కాలిన పేలుడు మందు వాసన కిటికీలోంచి లోపలికి వస్తుంది. మా కోడలు కిటికీ మూయబోతే నేనే వద్దంటాను. ఆ వాసన పోయేదాకా నేను జమ్మికుంటలో, బీబమ్మ దుకాణంలో ఉంటాను. ఆమెను ఎరిగినవాళ్లలో నేనొక్కదాన్నే మిగిలాను కనుక ఇది రాసి పెడుతున్నాను.

ఆమె పేరు ఖాసింబీ. ఊరంతా బీబమ్మ అనేవారు. బావుల్లో రాయి పగలగొట్టే మందు, తూటాలు, వత్తి అమ్మడానికి ఆ చుట్టుపక్కల లైసెన్సు ఉన్నది ఆమె ఒక్కతెకే. దుకాణంలో ఒక బల్ల, ఒక రిజిస్టరు తప్ప మరేమీ ఉండేవి కావు. సరుకంతా ఊరికి మైలు దూరంలో, చేల మధ్య ఒంటి గదిలో ఉండేది. ఎవరు కొనాలన్నా తహసీలు కచేరీ నుంచి పర్మిటు తెచ్చుకోవాలి. ఎవరి పేర పర్మిటు ఉంటే ఆ మనిషే వచ్చి వేలిముద్ర వేసి తీసుకెళ్లాలి. గది దగ్గర బీడీలు, అగ్గిపెట్టెలు బయట పెట్టించి, ఇనుప మేకుల చెప్పులు విప్పించి, అప్పుడు తాళం తీసేది. ఎంత పెద్ద రైతు వచ్చినా ఆ వరస మారేది కాదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ తర్వాత వచ్చిన మూడో ఎండాకాలం అది. నాకు పదహారేళ్లు. మా బావి పదిహేను గజాల లోతున రాతి మీద ఆగిపోయింది. బావి తవ్వే ఒడ్డెరలు ఇంకొక్క నెల ఉంటామన్నారు. వానలు పడేలోగా రాయి పగిలితేనే యాసంగికి నీళ్లు, లేకుంటే ఆ పంట లేదు. బాపుకు, అంటే మా నాన్నకు, చదువు రాదు. ఏడో తరగతి చదివిన నేనే దరఖాస్తు నింపాను. భూమి పట్టా ఇంకా తాత మల్లయ్య పేరనే ఉంది. తాత నైజాం రాజ్యం పోయిన ఏడాదే కాలం చేశాడు. పట్టా కాగితంలో ఏ పేరుంటే దరఖాస్తులో అదే ఉండాలనుకుని తాత పేరు రాశాను. వయసు దగ్గర ఆగి లెక్క వేశాను. పోయేనాటికి డెబ్బై, తర్వాత పదకొండేళ్లు, మొత్తం ఎనభై ఒకటి. లెక్క తప్పలేదని సంబరపడ్డాను కూడా. కాగితానికి కాగితం సరిపోవాలని మాత్రమే చూశాను. కాగితానికి మనిషి సరిపోవాలని నాకు తోచలేదు. తాత పేరు పక్కన బాపు బొటనవేలు పడింది. కచేరీలో ఎవరూ తల ఎత్తి చూడలేదు. నా దరఖాస్తు మీదే మంజూరు ముద్ర కొట్టి పర్మిటుగా ఇచ్చారు.

బండి కట్టుకుని జమ్మికుంట పోయాం. బీబమ్మ అద్దాలు పెట్టుకుని పర్మిటు మొత్తం చదివి, బాపు వైపు చూసింది.

"మల్లయ్యకు ఎనబై ఒకటా? నీకు యాబై గూడ లెవ్వు గదా."

"మా బాపు పేరది. ముసలోడు, నడువలేడు."

"బండ్ల ఉన్నడా?"

బాపు ఉన్నడనీ అనలేదు, లేడనీ అనలేదు. "ఎండకు పరేషాన్ అయిండు" అన్నాడు.

"అట్లయితే ఆయనను దింపకు. నేనే వచ్చి ముద్ర ఏయించుకుంట." రిజిస్టరు చంకలో పెట్టుకుని లేచింది. రెండడుగులు వేసి, నా ముందు ఆగింది. "గీ అక్షరాలు నీయే గదా బేటీ. మంచిగున్నయ్. జర చెప్పు, దరఖాస్తు మీద ఏసిన ఏలు ఎవరిది?"

బాపు నా వైపే చూస్తున్నాడు. ఒడ్డెరలు, రాయి, యాసంగి అన్నీ ఆ చూపులోనే ఉన్నాయి. ఔను తాతదే అంటే ఆమె బండి దాకా పోయి చూస్తుంది. ఎలాగూ పట్టుబడతామని తెలిసే నిజం చెప్పాను కనుక, ఇన్నేళ్ల తర్వాత దాన్ని గొప్పగా చెప్పుకోను. కానీ ఆమె బండి దాకా పోకపోయినా చెప్పేదాన్నని నాకు నమ్మకం. ఆ వయసు లెక్క వేసింది నేను. తప్పు నా చేతిది.

"మా బాపుది. తాత సచ్చిపోయి పదకొండేండ్లాయె" అన్నాను.

బాపు తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. "పేరు ఏదైతేంది బీబమ్మా, బాయి మాదే, రాయి మాదే. దొంగతనం జేస్తున్ననా?"

"లేదు. గానీ రేపు నీ బాయిల ఒకనికి దెబ్బ తాకిందనుకో, పోలీసోళ్లు ఎవరిని అడగాలె? కాటికి పోయి మల్లయ్యను లేపాల్నా?" ఆమె మళ్లీ కూర్చుంది. "మా ఆయన పోయిన దినమే నేను దుకాణం బంద్ వెట్టిన. లైసెన్స్ ఆయన పేర ఉండె. నా పేర అయ్యేదాక ఏడు నెలలు రవికెలు కుట్టి పిల్లలను సాదిన. నీకు ఒక్క పంటే పోతది."

ఆ మాట కఠినంగా ఉంది. ఇప్పటికీ అది మెత్తబడలేదు. కానీ మమ్మల్ని ఉత్తచేతులతో పంపలేదు. నన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టి, మరణం కాగితం పట్వారీ దగ్గర ఎలా తీసుకోవాలో, పట్టా బాపు పేర మారడానికి విరాసత్ అర్జీ ఎలా రాయాలో వరుసగా చెప్పి రాయించింది. ప్రతి వాక్యం తర్వాత, "గిది నిజమేనా?" అని అడిగి, నేను ఔనన్నాకే తర్వాతి వాక్యం చెప్పింది. దారి పొడుగునా బాపు ఎడ్లనే అదిలిస్తూ కూర్చున్నాడు. ఇంటికి చేరాక అవ్వతో, అంటే మా అమ్మతో, "దీనికి సదువు నేనే చెప్పిస్తి" అని మాత్రం అన్నాడు.

ఒడ్డెరలు వెళ్లిపోయారు. వానలు ముందే పడ్డాయి. బావి నిండా బురద, ఆ యాసంగి బీడు. అన్నం లేక, జొన్న గటకతోనే అవ్వ ఏడాదంతా ఇల్లు గడిపింది. నన్నెవరూ తిట్టలేదు, అదే ఎక్కువ కష్టంగా ఉండేది. పట్టా మారడానికి తొమ్మిది నెలలు పట్టింది. మరుసటి ఎండాకాలం బాపు తన పేర పర్మిటుతో, నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. బీబమ్మ ఈసారీ పర్మిటులో పేరు, వయసు, ఊరు చదివి, మనిషిని చూసి, రిజిస్టరు ముందుకు జరిపింది. బాపు వేలిముద్ర వేసి, నా వైపు చేయి చూపించాడు.

"నీ రిజిస్టరు రాయనీకి మనిషి గావాలంటివట. గీ పిల్లను పెట్టుకో. నా బిడ్డనే గానీ, నా తరఫున సాక్ష్యం చెప్పదు."

బీబమ్మ నవ్వింది. బాపు కూడా నవ్వాడు. ఆ తర్వాత ఎనిమిదేళ్లు ఆ బల్ల దగ్గర కూర్చున్నాను. నేను రాసిన ప్రతి పేరు వెనకా బతికున్న మనిషి ఉన్నాడు. మా బావిలో ఇరవై రెండో గజం దగ్గర నీళ్లు పడ్డాయి. నష్టపోయిన ఆ ఒక్క పంటను నేను ఎన్నడూ తక్కువ చేసి చెప్పను. అది నా నిజానికి మా ఇంటిల్లిపాదీ చెల్లించిన వెల. ఆ వెల తెలిసే, ఇవాళ ఎవరైనా కాగితం తెచ్చి సాక్షి సంతకం అడిగితే, పూర్తిగా చదివేదాకా కలం చేతికి తీసుకోను.