సిస్టరంటే చెల్లెలే కదా

మా పక్కింటి సిస్టరుగారు మొన్న ఆదివారం పోయారు. చర్చి నుంచి వచ్చి, కాఫీ తాగి, వరండాలో కుర్చీలో వెనక్కి వాలారట. ఆవిడ కోడలు గ్లాసు లోపల పెట్టి వచ్చేసరికి ప్రాణం లేదు. కబురు విని మా ఆవిడ గుమ్మంలో కూలబడి, "నాకు ఆడపడుచు లేకుండా పోయిందండీ" అంది. నాకు తోడబుట్టిన ఆడపిల్లలే లేరు. మరి ఈ ఆడపడుచు ఎక్కణ్ణుంచి వచ్చిందంటారా? నా నోటి దురద వల్ల వచ్చింది. అది చెబుతాను.

ఆవిడ ఏలూరులో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. భీమడోలు దగ్గర మా ఊళ్ళో, మా పక్కనే ఇల్లు కట్టుకున్నారు. కొత్త ఇంటి ప్రార్థన నాడు వచ్చినవాళ్ళందరూ సిస్టరుగారూ, సిస్టరుగారూ అంటున్నారు. నేను అయిదో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టినవాణ్ణి. నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో అదొకటి.

"సిస్టరంటే చెల్లెలే కదా? ఇదిగో, నీ ఆడపడుచు. మర్యాద చెయ్యి" అన్నాను మా ఆవిడతో.

"ఇన్నాళ్ళూ ఆ పోరు లేదని సుఖంగా ఉన్నాను. అదీ తెచ్చిపెట్టారా?" అంది.

సిస్టరుగారు నవ్వలేదు. "అయితే వదినగారూ, రేప్పొద్దున కాఫీ మీ ఇంట్లోనే. పంచదార తక్కువైతే గొడవ పెట్టుకుంటాను" అన్నారు. ఆ రోజు నుంచి నేను అన్నయ్యగారిని, మా అబ్బాయికి ఆవిడ అత్తయ్య, మా మనవరాలికి సిస్టరు మామ్మ.

ఆ మనవరాలు ఇంటర్‌ బైపీసీ అవుతుండగా నర్సింగులో చేరతానంది. వాళ్ళ నాన్న, అంటే మా అబ్బాయి, కుదరదన్నాడు. వాడు కలిదిండి వైపు చేపల చెరువుల మీద పని చూస్తాడు. చేపకి జబ్బు చేస్తే నిద్రపోడు గాని, కూతురు రోగుల్ని చూసుకుంటానంటే మాత్రం వాడికి పరువు గుర్తొచ్చింది.

"నైట్‌ డ్యూటీలు, ముక్కూమొహం తెలియని మగాళ్ళకి ఒళ్ళు తుడవడాలు. రేపు సంబంధాలొస్తే ఏం చెప్పమంటారు?" అన్నాడు.

సిస్టరుగారు వచ్చి వాడి ఎదురుగా కూర్చున్నారు. "ఊరికే తుడుస్తామనుకున్నావా? తుడుస్తూ వీపు చూస్తాం. ఎక్కడ ఎర్రబడింది, ఎక్కడ పుండు పడబోతోంది అని. డాక్టరుగారు వచ్చి చూసి వెళతారు. మిగతా రోజంతా ఆ మనిషి మా చేతుల్లోనే ఉంటాడు."

"ఇది మా ఇంటి విషయం అత్తయ్యగారూ."

"అత్తయ్యా అనే అన్నావుగా? రేపు నేను పోతే పుట్టింటి చీర ఎవరు తెస్తారు? మీ నాన్న తప్ప నాకు అన్నదమ్ములు లేరు. పోయాక అత్తనైతే, బతికుండగానూ అత్తనే. మేనత్త మాట కూడా కాస్త విను."

మావాడు నావైపు చూశాడు. "నన్ను చూడకురా. నేను నవ్వులాటకి అన్నాను, ఆవిడ ఖాయం చేసుకుంది" అన్నాను.

"సరే, ఆ నర్సింగు పరీక్ష రాయనివ్వండి. సీటొస్తే పంపిస్తాను. రాకపోతే మళ్ళీ ఈ ఊసెత్తకూడదు" అన్నాడు. రాదని వాడి ధైర్యం.

ఇక సిస్టరుగారు పట్టుకున్నారు దాన్ని. పొద్దున బయాలజీ, సాయంత్రం ఇంగ్లీషు. చదివి చదివి కళ్ళు మూతలు పడుతుంటే, లేపి పని నేర్పేవారు. పేషెంటుని నేనే. నన్ను నవారు మంచం మీద పడుకోబెట్టి, నేను లేవకుండానే కింద దుప్పటి మార్చాలి. నేను కావాలని బరువంతా ఒకవైపే వేసేవాణ్ణి. అయినా అది మార్చేసేది. సిస్టరుగారు చేత్తో రాసి చూసి, "ముడత ఉంది. ముడత ఉంటే పుండు పడుతుంది. మళ్ళీ వెయ్యి" అనేవారు.

ఒకసారి థర్మామీటరు పెట్టబోతుంటే, వేడి వేడి టీ గుటక మింగి వచ్చి నోరు తెరిచాను. పిల్ల పాదరసం వంక చూసి, "అమ్మో, జ్వరం!" అని కంగారుపడింది.

"ఒళ్ళు ముట్టుకున్నావా?" అన్నారు సిస్టరుగారు. "ముందు మనిషిని చూడు, తర్వాత గాజుగొట్టాన్ని చూడు. అన్నయ్యగారూ, మీసానికి టీ అంటింది, తుడుచుకోండి."

ఇంటర్వ్యూలో ఎందుకు చేరుతున్నావని అడిగితే సేవ చేయడానికని చెబుతానంది పిల్ల. సిస్టరుగారు ఒప్పుకోలేదు. "సేవ అంటే, నచ్చినన్నాళ్ళు చేసి మానేయొచ్చు. ఇది ఉద్యోగం. చదువుకుని, జీతం తీసుకుని చేసే పని. నీ వార్డులో తప్పు జరిగితే నిన్ను అడుగుతారు. అడగాలి కూడా. రేపు నువ్వు వార్డు సిస్టరువి కావచ్చు, నర్సింగు స్కూల్లో పాఠం చెప్పొచ్చు, పల్లెల్లో కాన్పులు చెయ్యొచ్చు. ఏదైనా, పని నేర్చుకోవడానికి వచ్చానని చెప్పు."

పరీక్షకి ఏలూరు తనే తీసుకెళ్ళారు. ఇంటర్వ్యూలో, పేషెంటు తిడితే ఏం చేస్తావని అడిగారట. "మా తాతయ్యతో అలవాటేనండీ" అందట ఇది. సీటొచ్చింది. మా అబ్బాయి ట్రంకుపెట్టె తనే మోసుకెళ్ళి హాస్టల్లో దింపి వచ్చాడు.

చదువైపోయి ఇప్పుడది తాడేపల్లిగూడెంలో ఒక ఆసుపత్రిలో చేస్తోంది. కబురందగానే, డ్యూటీ చీర కూడా మార్చుకోకుండా బస్సెక్కి వచ్చింది. నేను చీర కొనడానికి చొక్కా తొడుక్కుంటుంటే మా అబ్బాయి అడ్డం వచ్చాడు.

"మీరుండండి నాన్నా. అత్తయ్యకి చీర నేను తెస్తాను."

"తెల్లది తేకురా. ఉద్యోగమంతా అదే కట్టింది" అన్నాను.

చిలకపచ్చ చీర తెచ్చాడు. పాస్టరుగారు ప్రార్థన ముగించాక, మా ఆవిడా నేనూ దాన్ని ఆవిడ మీద కప్పాం. చెరోవైపు లాగామేమో, వంకరగా పడింది. మనవరాలు ముందుకొచ్చింది. కాళ్ళ దగ్గర అంచు లాగి, మూల మడిచి, కిందికి దోపింది. భుజం దగ్గర నుంచి అరచేత్తో రాస్తూ వచ్చింది.

"చాల్లేమ్మా, బాగానే ఉంది" అన్నారెవరో.

"ముడత ఉందండీ" అని, మళ్ళీ మొదటి నుంచి సర్దింది.