తక్కువ వోల్టేజీలో విన్న పాట

ఇన్నేళ్ళుగా నేనొక బరువు మోస్తున్నాను. పాపమంటే కొందరికి గుండెల్లో ఉంటుందంటారు. నాది చెవుల్లో ఉంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. అయినా మీకే చెబుతున్నాను. చెప్పవలసిన మనిషికి చెప్పే ధైర్యం నాకు ఈ రోజుకీ లేదు. ఆ పని చేసింది నేనేనా? నిజంగా నేనేనా? తలచుకున్న ప్రతిసారీ మొదటిసారి విన్నట్టే అదిరిపడతాను.

మాది గార్డెన్ రీచ్. నాన్న రేవు పనికి కలకత్తా వచ్చారు, నేను అదే రేవులో గుమాస్తానయ్యాను. ఆదివారం చర్చి అయిపోగానే మా గదిలో పాటల సభ జరిగేది. క్వార్టర్లలోని తెలుగు కుర్రాళ్ళు, ఇద్దరు ముగ్గురు బెంగాలీ కాలేజీ పిల్లలు వచ్చేవారు. ఓడల వాళ్ళు ఫ్రీ స్కూల్ స్ట్రీట్‌లో అమ్ముకుపోయిన జాజ్, రాక్ రికార్డులు ఏరుకొచ్చి పెట్టేవాణ్ణి. వినడం వాళ్ళ వంతు, తీర్పు నా వంతు.

నా నోటికి హద్దుండేది కాదు. జాజ్ వాయించేవాడికి ముందు ఎక్కడ ఊరుకోవాలో తెలియాలనేవాణ్ణి. రాక్ రికార్డుల్లో సగం మంది గొంతు లేక డ్రమ్ముల వెనక దాక్కుంటున్నారనేవాణ్ణి. స్టూడియోలో పొర మీద పొర కలిపిన పాట నీళ్ళు పోసిన పులుసనీ, జనం ముందు ఒక్క ఊపులో వాయించిందే అసలు పాటనీ వాదించేవాణ్ణి. ఎవరైనా కాదన్నారా, నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఆ బెంగాలీ పిల్లలు నన్ను దాదా, అంటే అన్నా అని పిలిచేవారు, దాదాని అడగకుండా రికార్డు కొనేవారు కాదు. ఆ గౌరవం నా తలకెక్కింది.

సభకి నేనే పెట్టిన నియమం ఒకటుంది. వోల్టేజీ తక్కువగా ఉన్నప్పుడు రికార్డు పెట్టకూడదు. ఆ రోజుల్లో కలకత్తాలో లోడ్ షెడ్డింగ్ ఒక బాధ, కరెంటు ఉండీ లేనట్టుండడం ఇంకో బాధ. బల్బు బీడీ నిప్పులా ఎర్రబడేది. ఫ్యాను రెక్కలు విడివిడిగా కనిపించేవి. అలాంటప్పుడు రికార్డు ప్లేయరు మెల్లగా తిరుగుతుంది, పాట సాగిపోయి శ్రుతి దిగిపోతుంది. ఎంత గొప్పవాడైనా అందులో నీరసపు మనిషిలా వినిపిస్తాడు. ఇది నాకు తెలుసు. అందరికీ నేర్పింది నేనే.

కృపానందం మా పక్క సందులో ఉండేవాడు. చర్చిలో క్లారినెట్‌తో మొదలుపెట్టి, పార్క్ స్ట్రీట్ హోటల్లో శాక్సోఫోన్ వాయించే దాకా ఎదిగాడు. బొంబాయిలో ఒక పెద్ద బ్యాండు వాళ్ళు, నీ వాయింపు రికార్డు చేసి పంపు, నచ్చితే పిలుస్తాం అన్నారు. ధర్మతల్లాలో ఒక చిన్న స్టూడియోలో ఒకే ఒక్క ప్రతి చేయించుకున్నాడు. ఇంట్లో ప్లేయరు లేక తను కూడా ఇంకా వినలేదు, పోస్టు చేసే ముందు నా దగ్గరికి తెచ్చాడు. వాళ్ళ నాన్న అప్పటికే రేవు వర్క్‌షాపులో ఉద్యోగానికి మాట్లాడి ఉంచారు. బొంబాయా, రేవా? నా మాట మీద తేల్చుకుంటానన్నాడు.

సాయంత్రం. బల్బు ఎర్రగా ఉంది. నేను రికార్డు పెట్టాను. ఎందుకు పెట్టాను? తొందరేం లేదు, రేపు రమ్మంటే వచ్చేవాడు. నిజం చెప్పాలంటే, వాడు గుమ్మంలో అడుగుపెట్టేటప్పటికే నా తీర్పు సిద్ధంగా ఉంది. నా కళ్ళ ముందు పెరిగినవాడు, నా రికార్డులు విని నేర్చుకున్నవాడు, జీవితమంతా వినడం తప్ప ఏమీ చేతకాని నన్ను దాటి వెళ్ళిపోతున్నాడన్న కుళ్ళు అప్పటికే నాలో ఉంది, దానికి ఆ వేళ తక్కువ కరెంటు తోడైంది. పాట కాళ్ళీడ్చుకుంటూ నడిచి ఆగిపోయింది. కృపానందం ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“నాను ఇలాగ వాయించేనేటన్నా?” అన్నాడు.

“ఇలాగే వాయించేవు. సొరం జారిపోనాది, నడక కుంటతంది. పార్క్ స్ట్రీట్‌లో తాగినోళ్ళు సప్పట్లు కొడతారు గానీ బొంబాయోళ్ళు కొట్టర్రా.”

“కరెంటు తక్కువుంది కదా. దానొల్ల కాదు గదా?”

“నా సెవికి ఆ తేడా తెల్దనుకున్నావేటి? రికార్డు అబద్దమాడదు.”

వాడు లేచాడు. “నువ్వే ఉంచుకో అన్నా. నాకెందుకింక,” అని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున కరెంటు నిండుగా ఉంది. డ్యూటీకి బయల్దేరబోతూ ఆ రికార్డు మళ్ళీ పెట్టాను. నా తీర్పు నాకే ఇంకోసారి వినాలనిపించిందేమో.

మొదటి స్వరం పలికింది. ఇది నిన్నటి పాటేనా? శ్రుతి నిటారుగా నిలబడింది. నడకలో ఎక్కడా కుంటు లేదు, చిలిపితనం ఉంది. రెండో చుట్టులో వరస వదిలేసి, ఇప్పుడొస్తాడు అనుకున్న చోట రాకుండా ఊరుకుని, ఒక ఊపిరంత ఆలస్యంగా అందుకున్నాడు. ఎక్కడ ఊరుకోవాలో వాడికి తెలుసు. 

చెప్పులేసుకున్నాను. సందు చివరి దాకా వెళ్ళాను. వాడి ఇంటి కిటికీ కనిపించింది. ఒక్క మాట చాలు. “నిన్న తప్పు విన్నాన్రా.” అంతే. ఆ మాట నోట్లోకి వచ్చింది. కానీ ఆదివారం సభలో దాదా తప్పు విన్నాడని చెప్పుకుంటారే, కరెంటు సంగతి వాడే పట్టుకున్నాడు, దాదా పట్టుకోలేకపోయాడని నవ్వుకుంటారే అనిపించింది. వెనక్కి తిరిగాను.

అక్కడితో ఆగినా మనిషిననిపించుకునేవాణ్ణి. ఇంటికి వచ్చి దబ్బనం తీసుకుని ఆ రికార్డు మీద రెండు వైపులా గీతలు గీశాను. ఎవరైనా వింటారన్న భయం. నా చెయ్యి గీస్తుంటే చూస్తూ కూర్చున్నాను, అది వేరే ఎవరి చెయ్యో అన్నట్టు. ఎంత సేపో తెలియదు. ఆ కరకర చప్పుడు ఇప్పటికీ వినిపిస్తుంది. రికార్డులంటే ప్రాణమని చెప్పుకు తిరిగిన మనిషి చేసిన పనండీ అది!

ఆ నెలలోనే కృపానందం శాక్సోఫోన్ అమ్మేసి వర్క్‌షాపులో చేరాడు. రోజూ ఒకే క్యాంటీన్‌లో తిన్నాం. పాటల సంగతి వాడు మళ్ళీ ఎత్తలేదు. కొన్నాళ్ళకి వాడి పెళ్ళయింది. విందులో నన్ను పెళ్ళికూతురి దగ్గరికి లాక్కెళ్ళి, అందరూ మొహమాటానికి మెచ్చుకుంటే తనకి నిజం చెప్పింది ఈ అన్న ఒక్కడేననీ, లేకపోతే బొంబాయిలో అడుక్కు తింటూ ఉండేవాడిననీ చెప్పాడు. ఆ అమ్మాయి నాకు చేతులు జోడించింది. నేనేం చేశానో తెలుసా? తల పంకించాను. ఆ కృతజ్ఞత తీసుకుని, బిర్యానీ పళ్ళెంతో సహా వెళ్ళి ఒక మూల కూర్చున్నాను.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు, వాడికి తెలియనివ్వలేదు కాబట్టి వాడి చేతిలోనూ లేదు. ఆ రికార్డుని సరిగ్గా, నిండు కరెంటులో విన్నవాణ్ణి ఈ లోకంలో నేనొక్కణ్ణే. ఇక దాన్ని ఎవరూ వినలేరు. అందుకని నా అభిప్రాయమైనా ఎక్కడో ఒకచోట ఉండాలి.

కృపానందం చాలా బాగా వాయించాడు.