మాస్టారి చొక్కా జేబు

రియాద్‌లో మా పై ఫ్లాట్‌కి, కూతురి దగ్గరికి విజిట్ వీసా మీద వచ్చిన ఆ మాస్టారు చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యారు. పద్దెనిమిదో శతాబ్దపు బ్రిటిష్ మంత్రి ఒకాయనంటే ఆయనకి మహా ఇష్టం. మాట నెగ్గకపోతే ఆ మంత్రి రాజీనామా ఇచ్చేసేవాడట. అది చెప్పినప్పుడల్లా మాస్టారు, ఆ రాజీనామా అందులోనే ఉన్నట్టు, తన చొక్కా జేబు తట్టేవారు.

పాప గుండె ఆపరేషన్‌కి పది రోజులుందనగా, మావారు మేనేజర్‌తో గొడవపడి రాజీనామా రాసుకొచ్చారు. ఉద్యోగం పోతే ఇన్సూరెన్స్, ఈ దేశంలో ఉండనిచ్చే ఇకామా రెండూ పోతాయి. నేను మాస్టారిని పిలుచుకొచ్చాను.

"మీ మంత్రిగారి దారే మాస్టారూ! వాళ్లే బతిమాలి పిలుస్తారు చూడండి," అన్నారు మావారు.

"ఆయన్ని రాజు వేరే గతిలేక పిలిచాడబ్బాయ్. మీకు వీసా ఇచ్చిన కఫీల్‌కేం ఖర్మ? ఎగ్జిట్ వీసా కొట్టి ఇండియా పంపేస్తాడు. ఏదీ, ఇలా ఇవ్వు. ఇంగ్లీషు దిద్ది రేపిస్తాను."

కాగితాన్ని జేబులో పెట్టుకుని, ఒకసారి తట్టుకుని వెళ్లారు.

మర్నాడు ఇవ్వలేదు. అడిగితే "రెండో పేరా కుదరట్లేదోయ్" అనేవారు. కోపం చల్లారాక మావారే అడగడం మానేశారు.

ఆపరేషనై పాప ఇంటికొచ్చిన రోజు, మాస్టారు ఆ కాగితం నా చేతిలో పెట్టారు. నలిగిపోయింది. ఒక్క అక్షరమూ దిద్దలేదు.