పాండురంగయ్య శెట్టి కుదిర్చే తుపాకీ సంబంధాలు

నంద్యాల పాండురంగయ్య శెట్టికి ఒక జబ్బు ఉంది. మనిషి కనబడితే చాలు, ఆ మనిషికి ఎంత బరువు ఎయిర్ రైఫిల్ నప్పుతుందో చెప్పకుండా ఉండలేడు. ఎవరూ అడగాల్సిన పని లేదు. వద్దు మహానుభావా అన్నా ఆగడు.

మొన్నొక పెళ్లికి పోయాడు. అక్షింతలు వేసి ఊరుకోవచ్చు కదా, పెళ్లికొడుకు చెవి దగ్గరికి వంగి, "నీకు మూడు కిలోలది సరిపోతాదప్పా. అంతకు మించితే భుజం వాలుతాది" అన్నాడు. పెళ్లికొడుకు పక్కనున్న పెళ్లికూతురి వైపు చూసి బిక్కమొహం వేశాడు. ఇంకోసారి డాక్టరు గుండె మీద గొట్టం పెట్టి ఊపిరి బిగబట్టమంటే, ఎంతకీ వదలకుండా బిగబట్టి ఆయన్ను హడలగొట్టాడు. "గురి పెట్టేటప్పుడు అట్లనే సార్. మీ చేయి చూస్తే మూడున్నర కిలోలది కనబడతాండాది. ఒకసారి అంగడికి రాండి" అన్నాడు లేస్తూ.

ఇవన్నీ పక్కన నిలబడి వినాల్సిన ఖర్మ ఆయన భార్య లక్ష్మీదేవిది. ముప్ఫై ఏళ్లుగా వింటోంది. గాంధీ చౌక్ దగ్గర వాళ్ల ఆటసామాన్ల అంగడి ఉంది. ముందువైపు క్యారంబోర్డులూ షటిల్ బ్యాట్లూ అమ్మేది ఆమె. వెనక గోడకు వేలాడే ఏడు ఎయిర్ రైఫిళ్లను అమ్మకుండా కాపాడేది ఆయన. కాపాడేది అంటే నిజంగానే కాపాడేది. కొనడానికి వచ్చినవాడి చేతికి ముందు తుపాకీ ఇవ్వడు, చీపురు ఇస్తాడు. దాన్ని తుపాకీలాగా భుజానికి ఆనించి నిలబడాలి. ఎంతసేపంటే, శెట్టి ఒక గ్లాసు కాఫీ తాగేంతసేపు. ఆ కాఫీ ఆయన ఎంత నింపాదిగా తాగుతాడో చూసినవాళ్లకే తెలుసు. అంతా అయ్యాక గ్లాసు కింద పెట్టి ఒకే మాట అంటాడు.

"నప్పదప్పా."

"ఏంది నప్పనిది శెట్టీ? నాకు నచ్చిందంటాంటే!"

"నీకు నచ్చితే సరిపోతాదా? దానికి నువ్వు నచ్చల్ల గదా."

ఇంక బేరమేముంది. చాలామంది అట్నుంచి అటే కర్నూలు బస్సెక్కి ఆడ కొనుక్కున్నారు. బడిలో డ్రిల్లు మాస్టరు ఫ్రాన్సిస్ ఒక్కడే పట్టు వదల్లేదు. తొమ్మిదిసార్లు చీపురు మోశాడు. పదోసారి, "అన్నా, ఒకటి నా చేతిలో పెట్టు, చచ్చి నీ కడుపున పుడతా" అని కాళ్లావేళ్లా పడ్డాడు. శెట్టి ఆయన్ను పైనుంచి కింది దాకా చూసి, గోడమీది నాలుగో తుపాకీ తీసి ఇచ్చాడు. అది ఫ్రాన్సిస్ భుజంలో చంటిపిల్ల ఒదిగినట్టు ఒదిగింది. ఎంత తిట్టుకున్నా ఆ ఒక్క విషయంలో లక్ష్మీదేవి కూడా నోరెత్తలేదు.

ఆనాటి నుంచి ప్రతి ఆదివారం పొద్దున అంగడి మిద్దె మీద ఇద్దరూ చేరతారు. ఇటు గోడ నుంచి అటు చివర పేర్చిన ఇసుక బస్తాలకు సరిగ్గా పది మీటర్లు. బస్తాల ముందు అట్టపెట్టె, దాని మీద నల్ల చుక్క ఉన్న కాగితం. సగం ఊపిరి వదిలి, మిగతా సగం లోపలే పెట్టుకుని, ట్రిగ్గర్ లాగినట్టు కాకుండా మెల్లగా నొక్కితే టప్పుమంటుంది. కాగితంలో మినప గింజంత బొక్క పడుతుంది. అది నడిమధ్యన పడిందంటే ఇద్దరు పెద్దమనుషులూ లాటరీ తగిలినట్టు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. కింద ఉప్మా చల్లారిపోతున్నా దిగిరారు.

అంత సుఖంగా సాగుతున్న ఇంట్లోకి సాయిశ్రీ వచ్చింది. ఆళ్లగడ్డ పిల్ల, బీకాం మొదటి సంవత్సరం. ఇంటర్‌లో ఉండగా కాలేజీ తుపాకీతో రెండేళ్లు జిల్లా సెలక్షన్లకు పోయి రెండుసార్లూ తిరిగొచ్చింది. ఈసారి సొంత తుపాకీ కొనిపిస్తే సాధిస్తానని వాళ్ల అవ్వను బతిమాలి తీసుకొచ్చింది. ఆ అవ్వ పేరు జానకమ్మ. డెబ్భై ఏళ్లు దాటినా ఇంట్లో ఆమె మాటకు ఎదురులేదు.

"చూడప్పా శెట్టీ, ఇదే కడసారి" అంది జానకమ్మ అంగడి మెట్లెక్కుతూనే. "ఈసారి గెలవకపోతే ఇంక తుపాకీ మాటెత్తకూడదని చెప్పినా. నెల దినాలుండాది. మంచిది చూసి ఇయ్యి."

శెట్టి చీపురిచ్చాడు. పిల్ల పట్టుకుంది. కాఫీ అయింది. "నప్పదు" అన్నాడు.

మరుసటి వారం మళ్లీ వచ్చారు. ఈసారి నిజం తుపాకీలే ఒక్కొక్కటీ పట్టించి చూశాడు. ఏదీ నప్పదన్నాడు. మూడో వారం వచ్చినప్పుడు చీపురు కూడా ఇవ్వకుండానే నప్పదనేసరికి పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏందప్పా నువ్వు? అమ్మే అంగడేనా ఇది, ఊరికే చూసే అంగడా? నీ తుపాకీలను ఊరగాయ పెట్టుకో పో!" అని జానకమ్మ మనవరాలి చేయి పట్టుకుని దిగిపోయింది.

వాళ్లటు పోగానే లక్ష్మీదేవి అందుకుంది. "నీకు మనసనేది ఉండాదా లేదా? పిల్ల ఏడుస్తాంటే కూడా నప్పదేనా?"

"నప్పందాన్ని నప్పుతాదని ఎట్ల చెప్పేది?" అన్నాడు శెట్టి.

దీనికి తోడు ఆమెకు ఇంకో అనుమానం మొదలైంది. ఈమధ్య గురువారం వస్తే చాలు, "ఆళ్లగడ్డలో చిన్న పనుండాది" అని పోతున్నాడు. ఏం పనో చెప్పడు. సాయంత్రం తిరిగొచ్చేసరికి మీసాల మీద, చొక్కా మీద తెల్లగా పొడి. లక్ష్మీదేవికి అర్థమైపోయింది. మనిషికి షుగరు. డాక్టరు చక్కెర ముట్టొద్దన్నాడు. ఈయన పనిగట్టుకుని ముప్పావు గంట బస్సులో పోయి, చక్కెర అద్దిన కజ్జికాయలు తిని వస్తున్నాడు!

సెలక్షన్లు ఆదివారం అనగా, ఆ గురువారం ఆయన పోయిన కాసేపటికి ఆమె కూడా అంగడి మూసి, ఆళ్లగడ్డ మీదుగా పోయే చాగలమర్రి బస్సెక్కింది. ఆళ్లగడ్డలో దిగి, ఆయన పోయిన దారి అడుగుతూ పోతే ఊరి చివర శిల్పుల పాకలు వచ్చాయి. వరసగా రాతి వినాయకులు, చెవులు రాని ఆంజనేయులు, నడుము దాకానే ఉన్న అమ్మవార్లు. ఉలి దెబ్బలకు గాలంతా తెల్లటి దుమ్ము. ఆ దుమ్ములో పాండురంగయ్య శెట్టి ఒక చీపురును ఎడమ భుజానికి ఆనించి, చెంప వాల్చి, ఒంటికాలి కొంగలా కదలకుండా నిలబడి ఉన్నాడు. బ్రహ్మయ్యాచారి అనే శిల్పి సుద్దముక్కతో కొలతలు గీస్తున్నాడు.

"కజ్జికాయలు యాడయ్యా?" అంది లక్ష్మీదేవి.

శెట్టి చీపురు జారవిడిచాడు. "కజ్జికాయలేందే?"

ఇంక దాచడానికి లేదు. ఆచారి బల్ల మీద టేకు కర్రతో చెక్కిన తుపాకీ మడమ, అంటే భుజానికి ఆనించే వెనక భాగం, ఉంది. మామూలు తుపాకీలకు చెంప ఆనే చోటు ఒక పక్క ఉంటే, దీనికి రెండో పక్క ఉంది. ఎడమ భుజానికి పట్టుకునేవాళ్లకు చేసిందది.

"ఆ పిల్లది పుర్రచెయ్యి లచ్చిందేవీ" అన్నాడు శెట్టి. "మొదటి దినం నీ బల్ల మీద నుంచి షటిల్ కాక్ జారిపడలే? అది నేలను తాకకముందే ఎడమచేత్తో పట్టేసింది. పట్టి, ఆ చేయి ఎనకాల దాచుకుని దొంగమాదిరి అవ్వ దిక్కు చూసింది. చిన్నప్పటి నుంచి ఆ చేతి మీద ఎన్ని దెబ్బలు పడినాయో ఏమో. కుడి భుజాన పెట్టుకుంటే ఆ పిల్లకు ఏ తుపాకీ నప్పుతాది?"

"ఆ ముక్క ఆ పొద్దే చెప్పుంటే?"

"ముసలమ్మ ముందర చెప్తే తిట్లు పిల్లకు. నప్పదంటే తిట్లు నాకు. నాకలవాటే గదా."

లక్ష్మీదేవికి ఒక్కసారిగా సిగ్గేసింది, ఆ వెంటనే ఆయన మీద చెప్పలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది. కొంగుతో ఆయన మీసాల మీది రాతిపొడి తుడిచింది. అప్పుడు చూసింది తుపాకీ మడమ చివర. అక్కడ జూలు విప్పుకుని నోరు తెరిచిన సింహం మొహం ఉంది.

"ఇదెవురు చెక్కమన్నారు ఆచారీ?"

"ఎవురూ అనలేదమ్మా. ఉలి పట్టినాక చేయి ఊరుకోదు" అన్నాడు ఆచారి. "అహోబిలం పక్కన పుట్టినోళ్లం, నున్నటి కర్ర నున్నగా వదిలిపెడితే పాపం గాదా?"

"కోరలన్నా అరగదీయప్పా, పిల్లకు గుచ్చుకుంటాయి" అన్నాడు శెట్టి.

శుక్రవారం మధ్యాహ్నానికి అవ్వామనవరాళ్లను లక్ష్మీదేవే ఫోన్ చేసి పిలిపించింది. ఫ్రాన్సిస్ కూడా మిద్దె మీదికి వచ్చాడు. జానకమ్మ ప్లాస్టిక్ కుర్చీలో మూతి బిగించుకుని కూర్చుంది. ఆచారి చెక్కిన మడమ బిగించిన తుపాకీని సాయిశ్రీ అందుకుంది. ఎవరూ చెప్పకుండానే అది ఎడమ భుజానికి చేరింది.

"ఏయ్! ఏ చెయ్యే అది?" అని అవ్వ గద్దించింది. పిల్ల ఉలిక్కిపడి తుపాకీ దించేసింది.

"పిల్లనేంటికి తిడతావు జానకమ్మా?" అన్నాడు శెట్టి చాలా బాధగా మొహం పెట్టి. "తప్పు తుపాకీది. ఇది పుర్ర తుపాకీ."

"తుపాకీకి పుర్రచెయ్యేందప్పా?"

"పుట్టడమే అట్ల పుట్టింది. కుడిపక్క పెడితే మూతి పగలగొడతాది. మార్చల్లని నేనూ చానా చూస్తి, మాట వినలే."

శెట్టి అబద్ధం ఆడడం లక్ష్మీదేవి వినడం అదే మొదలు. ఆమె కూడా వెనకాడలేదు. "అవును పెద్దమ్మా, దేవుడిచ్చిన వాటం. కొడితే మాత్రం మారుతాదా?" అంది.

జానకమ్మ ఆమె వైపు కాసేపు చూసింది. పిల్ల మళ్లీ తుపాకీ ఎత్తింది. మూడుసార్లు టప్పుమంది. ఫ్రాన్సిస్ పరుగున పోయి కాగితం తెచ్చాడు. ఒక తొమ్మిది, రెండు పదులు. పిల్ల నమ్మలేక తన ఎడమచేతినే చూసుకుంది. జానకమ్మ కళ్లజోడు పెట్టుకుని, మూడు బొక్కల్నీ వేలితో తడిమి తడిమి చూసింది. తరువాత కుర్చీలోంచి లేచింది.

"ఇట్లియ్యి దాన్ని" అంది.

ఇక తుపాకీ పని అయిపోయిందనుకున్నాడు శెట్టి. జానకమ్మ సింహానికి దండం పెట్టి, మనవరాలితో పెల్లెట్టు గుండు పెట్టించుకుని, తుపాకీ ఎత్తి ఎడమ భుజానికి ఆనించింది. చెంప సరిగ్గా ఆనాల్సిన చోటే ఆనింది. కుడి కన్ను మూసింది. ఎక్కడా తడుముకోలేదు, చేయి వణకలేదు. అరవై ఏళ్ల కిందట ఈమె చేతి మీద కూడా ఎవరో కొట్టి ఉంటారని లక్ష్మీదేవికి అప్పుడు తోచింది. సాయిశ్రీ నోరు తెరుచుకుని చూస్తోంది.

టప్పుమంది. ఫ్రాన్సిస్ చూసి వచ్చి, "ఎనిమిది!" అన్నాడు.

"నా దిక్కట్ల చూడాకండి" అంది జానకమ్మ. "తుపాకీ పుర్రదైతే నేనేంజేద్దు? సాయీ, ఇంకో పెల్లెట్టియ్యి."

ఆదివారం సాయిశ్రీ సెలక్షన్లలో రెండోదిగా నిలిచి ఎంపికైంది. ఆ కబురు ఫోన్లో చెప్పింది జానకమ్మే. చెప్పడం అయ్యాక గొంతు తగ్గించి, వచ్చే వారం మిద్దె ఖాళీగా ఉంటుందా అని లక్ష్మీదేవిని అడిగింది.